కూపన్ మీద కొన్న కర్టెన్లు

మార్చి 4

ఫ్రీ అట. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. మా లాండ్రీలో ఫ్రీగా దొరికేది ఒక్కటే, ఆవిరి. అది మాత్రం ఎంత కావాలంటే అంత పీల్చుకోవచ్చు.

బావ ఇవాళ కంచం ముందు కూచుని ఉపన్యాసం ఇచ్చాడు. లిఫ్టులు రిపేరు చేసే మనిషి, రోజంతా పైకీ కిందకీ తిరిగి తిరిగి పిచ్చెక్కినట్టుంది.

"చేరడానికి పైసా అక్కర్లేదు మరదలా. నెలనెలా కూపన్లు వాళ్ళే పంపిస్తారు. షాపులో చూపిస్తే రేటు తగ్గిస్తారు. నీ కింద ఇద్దర్ని చేర్చు, ఎడమ లైనులో ఒకళ్ళు, కుడి లైనులో ఒకళ్ళు. వాళ్ళు కొంటే నీకు పాయింట్లు. వాళ్ళ కిందవాళ్ళు కొంటే ఇంకా పాయింట్లు. నువ్వు నిద్రపోతున్నా వచ్చి పడుతుంటాయి."

"నిద్రపోవడానికి మీకిప్పుడు మాత్రం ఏం తక్కువైంది," అంది అక్క.

"అది సరే, ఆ తగ్గించేది ఎవరి జేబులోంచి?" అన్నాను.

"కంపెనీ చూసుకుంటుంది."

"ఏ కంపెనీ?"

"నువ్వు లాయరు కావలసినదానివి. ఖర్మకాలి దుప్పట్లు మడతపెడుతున్నావు."

నవ్వాడు. అక్క నవ్వలేదు గానీ నా వైపూ మాట్లాడలేదు. వాళ్ళింట్లో హాల్లో చాప పరుచుకుని పడుకునే దాన్ని, నేను మాత్రం ఇంకేం అంటాను.

మార్చి 5

లాండ్రీలో ఇలాంటివి మూడు తిరుగుతున్నాయి. ఉతికే సెక్షన్ వాళ్ళది కాగితం కూపన్ల పుస్తకం. వ్యాన్ డ్రైవర్లది ఇంకేదో. మూడోది బావ చెప్పిన రెండు లైన్లదే, అది మా సూపర్‌వైజర్ తెచ్చాడు. పొద్దస్తమానం మెడలో ఈల వేసుకుని తిరుగుతాడని మేం ఆయన్ని విజిల్ అంటాం. ఎదురుగా అనం.

మూడింటి షరతులూ చదివాను. నేను బళ్ళో చదివింది తక్కువే. ఇంగ్లీషు వచ్చింది సబ్బు ద్రావకం డ్రమ్ముల వల్ల. "కళ్ళకు తగలనీయరాదు" అన్నది నేను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం. చిన్న అక్షరాలంటే నాకు భయం లేదు. ఎవరూ చదవరని తెలిసే వాటిని చిన్నవి చేస్తారు.

తేలింది ఇదీ. మూడూ చేరడానికి ఫ్రీ. ఉండటానికి కాదు. ఏ నెల కూపన్లు ఆ నెలాఖరుకల్లా వాడేయాలి. ఒక్కటి మిగిలినా లైను తెగిపోతుంది, పాయింట్లు సున్నా. వాడటమంటే కొనడం. అంటే అవసరం ఉన్నా లేకపోయినా కొనాలి, కొని ఆదా చేశామని మురిసిపోవాలి.

నేను చేరను. రాసిపెట్టుకుంటున్నా.

మార్చి 9

రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నా. బావ కాలితో చాప అంచు కదిపాడు. "నీ ఫోనుకి ఏదో నంబరొచ్చింది, చదువు," అన్నాడు. కళ్ళు తెరవకుండానే చదివినట్టున్నాను. మళ్ళీ పడుకున్నాను.

సాయంత్రం లేచేసరికి నేను సభ్యురాలిని. బావ కింద, కుడి లైను.

"అడగాలని తెలీదా?"

"ఫ్రీయే కదా. అడగడమెందుకు?"

"తీసెయ్ నన్ను."

"తియ్యడం కుదరదు. ఒక మనిషి ఒకళ్ళ కిందే. ఇంకెవరూ నిన్ను పట్టుకుని పీడించరు, హాయిగా ఉండు."

నేను చేరలేదు. నన్ను చేర్చారు. ఈ రెండూ ఒకటి కాదు.

మార్చి 12

నా జోడీ పొడుగు అడిగింది.

ఇస్త్రీ చేసే మా రోలర్ మిషను దగ్గర ఒక్కళ్ళు పని చేయలేరు. తడి దుప్పటిని ఇద్దరు చెరో వైపు పట్టుకుని, ఒకే ఎత్తులో, ఒకేసారి రోలర్‌కి అందించాలి. ఒక చేయి పైకి లేచిందా, దుప్పటి వంకరగా పోయి అవతల ముడుచుకుని బయటికొస్తుంది. ముక్కకింత అని కూలి. ముడతపడ్డ ముక్కకి కూలి లేదు. పొడుగు పేరుకి తగ్గట్టే ఉంటుంది, నేను దాని భుజం దాకా కూడా రాను. అందుకని ప్రతి దుప్పటికీ అది మోకాళ్ళు వంచుతుంది. ఎవరూ చెప్పలేదు, మొదటి రోజు నుంచీ అంతే. హాస్పిటల్ దుప్పట్లు, హోటల్ దుప్పట్లు, ఊళ్ళో డ్రైక్లీనింగ్ షాపుల మూటలు. షాపుల వాళ్ళు బోర్డు పెట్టుకుని కూచుంటారు, ఉతికి ఇస్త్రీ చేసేది మేము.

"పొట్టీ, నేను విజిల్ కింద చేరా," అంది. "కుడి లైను మా పక్కింటావిడ. ఎడమ లైను నువ్వే."

"నీ కాళ్ళే ఎవరికీ అందవు. నీకు మళ్ళీ రెండు లైన్లు."

"వేళాకోళం కాదు. రెండు వైపులా నిండితే స్టార్. స్టార్ అయితే నెలనెలా డబ్బు. అప్పుడు ఈ ఆవిరి నాకెందుకు?" మణికట్లు చూపించింది. తోలు మళ్ళీ లేచింది, ఎర్రగా. మందు రాస్తే ఆవిరికి కారిపోతుందట.

"ఆలోచిస్తా," అన్నాను.

ఆలోచించడానికి ఏముందని? నేను ఇంకొకళ్ళ కింద ఉన్నానని ఒక్క ముక్క అంటే అయిపోయేది. విజిల్ ఊదాడు, మిషను మొదలైంది.

మార్చి 16

పొడుగూ నేనూ గది చూశాం. కుట్టు మిషన్లు బాగుచేసే షాపు పైన. ఒక్క కిటికీ, కానీ పెద్దది, రెండు రెక్కలది. నేను బావ ఇంట్లోంచి, అది దాని వదిన ఇంట్లోంచి బయటపడటానికి. ఎవడూ కాలితో చాప కదపని గది. ఇది పొడుగు అన్న మాట కాదు, నేనే మొదలుపెట్టాను. దాన్ని ఒప్పించింది కూడా నేనే.

ఇంటావిడ మంచిదే. "నెల రోజులు ఆగుతా. అడ్వాన్సు తెచ్చుకోండి," అంది. దాచిన డబ్బు పొడుగు దగ్గర ఉంటుంది, నా దగ్గర పెడితే అక్క కళ్ళలో పడుతుందని.

తిరిగి వస్తుంటే పొడుగు ఒక షాపు ముందు ఆగింది. కూపన్ ఉందట. కర్టెన్లు. "రంగు నువ్వు చెప్పు," అంది. ఆవాల రంగు, బూడిదరంగు అంచు. చాలా బాగున్నాయి. తగ్గింపు పోగా కూడా ఖరీదే.

"గదే లేదు, కర్టెన్లేంటే?"

"కూపన్ మురిగిపోతుంది. ఎలాగూ కొనాల్సినవేగా."

కూపన్లలో ఒకటి డ్రైక్లీనింగ్ షాపుది కూడా ఉంది. "ఉతికేవాళ్ళకి ఉతుకుడు కూపన్," అని రోడ్డు మీద పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

మార్చి 17

బావ కింద ఉన్నానని ఇంకా చెప్పలేదు.

మార్చి 20

పొడుగు ఆ కూపన్ల వాళ్ళ మీటింగుకి లాక్కెళ్ళింది. ఫంక్షన్ హాలు, నిండా కుర్చీలు. ఉక్కపోతలో కోటు వేసుకుని ఒకాయన. "మీరు కొనేవాళ్ళు కాదు, మీరే షాపు," అంటాడు. పక్కవాళ్ళ చేయి పట్టుకుని "నువ్వే నా బలం" అని చెప్పమన్నాడు. పొడుగు నా చేయి పట్టుకుని చెప్పింది. నేనూ చెప్పాను. దాని చేయి గరుగ్గా ఉంది.

ప్రశ్నలున్నాయా అంటే లేచాను.

"ఈ తగ్గింపు ఎవరు భరిస్తున్నారు సార్?"

"అద్భుతమైన ప్రశ్న," అన్నాడు కోటాయన. "ఇలాంటి ప్రశ్న అడిగే అమ్మాయికి గట్టిగా చప్పట్లు."

హాలంతా కొట్టింది. పొడుగు కూడా కొట్టింది. చప్పట్లు ఆగేసరికి ఆయన ఇంకో స్లైడు మీదికి వెళ్ళిపోయాడు. నేను నిలబడే ఉన్నాను. వెనకాల ఎవరో "కూచోమ్మా, కనపడట్లేదు," అన్నారు.

మార్చి 24

తాళం కొన్నాను. నా పేరు మీద వచ్చిన కూపన్‌తో. అసలు ఆ తగ్గింపు నిజమో కాదో తెలియాలి కదా. ఊరికే పరీక్ష. మంచి తాళం, బరువుగా ఉంది, రెండు చెవులు. బట్టల కింద పెట్టాను.

మార్చి 25

ఇవాళ చెబుదామనుకున్నాను. మిషను చప్పుడుకి అరిచి చెప్పాలి. అరిచి చెప్పే మాట కాదు.

మార్చి 27

బావ అన్నాడు, "నీ తాళం పాయింటు పడింది నాకు."

వీడి మొహం మండ.

మార్చి 30

తెలిసిపోయింది. ఇలా తెలియాలని నేను కోరుకోలేదు.

భోజనం టైములో పొడుగు నవ్వుతూ ఫోను పట్టుకొచ్చింది. "నెలాఖరు వచ్చేసింది. నువ్వు ఆలోచిస్తూ ముసలిదానివైపోతావు, నేనే నీ నంబరు కొట్టేస్తున్నా. ఏదో వస్తుంది, చదువు," అంది. అచ్చం బావ మాటే. నా ఫోనుకి ఏమీ రాలేదు. దాని ఫోనులోనే వచ్చింది. "ఈ నంబరు వారు ఇప్పటికే సభ్యులు."

అది రెండుసార్లు చదివింది.

"ఎవరి కింద?"

"బావ కింద. నేను నిద్రలో ఉంటే..."

"ఎప్పుడు?"

"నువ్వు అడగకముందే."

"అడగకముందే. మరి నేను అడిగినప్పుడు ఆలోచిస్తానన్నావు."

నేను డబ్బాలో మెతుకులు కెలుకుతూ కూచున్నాను.

"ఆ ఇంట్లోంచి బయటపడదామన్నది నువ్వు. నన్ను ఆలోచిస్తా, ఆలోచిస్తా అని తిప్పి, ఆయన కిందే ఉన్నావు." డబ్బా మూత పెట్టేసింది. సగం కూడా తినలేదు. "నీ కోసం ఆ ఖాళీ ఎవరికీ ఇవ్వకుండా పెట్టాను తెలుసా? ఇద్దరు అడిగారు."

తప్పు నాది కాదు. నిద్రలో ఉన్న మనిషిది తప్పెలా అవుతుంది. మెలకువ వచ్చాక సంగతి వేరే అంటే, సరే, వేరే.

ఏప్రిల్ 2

పొడుగు మోకాళ్ళు వంచట్లేదు.

నిటారుగా నిలబడి అందిస్తోంది. నేను మునివేళ్ళ మీద లేచినా అందట్లేదు. దుప్పట్లన్నీ వంకరే. విజిల్ వచ్చి, "ఏంటమ్మా, మొగుడూ పెళ్ళాల్లా అలకలు. ముడతలన్నీ మీ ఖాతాలోనే," అన్నాడు. నేను ఒక ఖాళీ డ్రమ్ము మూత తెచ్చి కాళ్ళ కింద వేసుకున్నాను. పొడుగు చూసింది.

ఏప్రిల్ 3

మూత జారుతోంది.

ఏప్రిల్ 7

గోడ మీద కాగితం అతికించారు. షాపుల మూటల్లో ఎర్ర ముద్ర ఉన్న వాటికి ఇక నుంచి సగం కూలి. "మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా." ఆ కాగితం మీద ఇంకేమీ లేదు.

మేనేజర్ గదికి వెళ్ళాను. పిలవకుండా వెళ్ళకూడదు, వెళ్ళాను.

"ఎర్ర ముద్ర అంటే ఏంటి సార్?"

"కూపన్ బట్టలు. షాపుల వాళ్ళు కస్టమర్‌కి తగ్గిస్తున్నారు, ఆ మేరకు మాకు తగ్గించి ఇస్తామంటున్నారు. కాదంటే వేరే లాండ్రీకి పోతారు. మేం మాత్రం ఏం చేస్తాం?"

మీరేం చేస్తారు. మీరు మాకు తగ్గిస్తారు. కోటాయనకి చప్పట్లు కొట్టించడం ఒక్కటే వచ్చు, ఈయన దగ్గర జవాబు ఉంది. ఆ తగ్గింపు మా చేతుల్లోంచి పోతోంది.

భోజనాల దగ్గర అందరికీ చెప్పాను. బల్ల మీద గరిటెతో కొట్టి మరీ చెప్పాను. "మీరు షాపులో చూపించే ఆ కూపనే ఇక్కడ ఎర్ర ముద్రయి వస్తోంది. మీ కూలి మీరే కోసుకుంటున్నారు. మూకుమ్మడిగా మానేద్దాం."

ఉతికే సెక్షన్ పెద్దావిడ నిదానంగా అంది, "నువ్వు మానేశావా తల్లీ?"

"నేను చేరలేదు."

"చేరలేదా? మరి మొన్న పొడుగు ఫోనులో ఏం వచ్చింది?"

నవ్వారు. పొడుగు నవ్వలేదు. నీళ్ళు తాగి లేచి వెళ్ళిపోయింది. నన్ను చేర్చారు అన్న మాట అక్కడ ఎవరికి చెబితే నిలుస్తుంది. గరిటె కూడా వంటావిడ లాక్కుంది.

ఏప్రిల్ 8

నేను ముందే చెప్పి ఉంటే ఇవాళ నా మాట వినేవాళ్ళు. ఈ ముక్క ఇంతకుముందు రాయలేదు. ఇవాళ రాస్తున్నా.

ఏప్రిల్ 15

అక్క మొదటిసారి నాతో విడిగా మాట్లాడింది. బావ అటక నిండా కొన్న సామాను పెడుతున్నాడట. మూడు ఫ్లాస్కులు. ఒక హెల్మెట్టు. "మనకి బండే లేదు కదే," అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

ఏప్రిల్ 20

గది పోయింది. అటు నుంచి వచ్చాను, ఊరికే. ఎవరో మొగుడూ పెళ్ళాం దిగారట. కిటికీకి దుప్పటి అడ్డంగా కట్టుకున్నారు. కర్టెన్ల మీద డబ్బు తగలేయకుండా గది తీసుకున్న మనుషులు.

ఏప్రిల్ 29

ఇవాళ్టిది పూర్తిగా రాయాలి.

మధ్యాహ్నం ఎర్ర ముద్ర మూట వచ్చింది. పైనుంచి రెండు తువ్వాళ్ళు, ఒక టేబుల్ గుడ్డ. దాని కింద ఆవాల రంగు. బూడిదరంగు అంచు. తడిసి ముదురుగా ఉన్నాయి గానీ నేను ఎంచిన రంగు నాకు తెలియదా. అంచుకి షాపు చీటీ, దాని మీద ఎర్ర ముద్ర.

పొడుగు అవతలి కొస పట్టుకుని నిలబడింది. నేను ఇవతలి కొస పట్టుకున్నాను. ఇద్దరం ఇవ్వలేదు మిషనుకి.

"ఇవి మాసిపోలేదు," అన్నాను. "ఇంతవరకూ కట్టనే లేదు."

"నెలాఖరు. ఆ ఒక్క కూపనే మిగిలింది. ఉతుకుడుది." రోలర్ వైపే చూస్తోంది. "ఇంట్లో మాసిన గుడ్డ ఒక్కటీ లేదు. అన్నీ నేనే ఉతికేసుకున్నాగా."

"గది పోయింది, తెలుసా?"

"తెలుసు. అడ్వాన్సు ఇవ్వడానికి కూడా ఏం మిగల్లేదు. బక్కెట్లు ఉన్నాయి. స్టవ్వు ఉంది. దిండ్లు కొన్నాను నీకూ నాకూ."

నా డబ్బు కూడా అందులో ఉంది. అరవాలి నేను. నోటి దాకా వచ్చింది. దాని మణికట్లు చూశాను, నా మీద నాకే కోపం వచ్చింది. ఈ పాడు కోపానికి ఎప్పుడు ఎవరి మీద పడాలో తెలియదు.

"నా దగ్గర తాళం ఉంది," అన్నాను.

"దేనికి?"

"మన గదికి. కూపన్ మీద కొన్నా."

నవ్వడం మొదలుపెట్టింది. కర్టెన్ కొస వదలకుండా, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, ఆవిరి కూడా ఉంది, ఏది ఏదో చెప్పలేను. విజిల్ ఈల ఊదాడు.

అప్పుడు పొడుగు మోకాళ్ళు వంచింది.

నేను డ్రమ్ము మూతని కాలితో పక్కకి నెట్టాను. మొదటి కర్టెన్ తిన్నగా వెళ్ళింది. రెండోది కూడా. అవతల నుంచి వేడి వేడిగా, ఒక్క ముడత లేకుండా వచ్చాయి. ఇంత బాగా మేం ఏ హోటల్‌కీ చేయలేదు.

"సంచిలో పెట్టేసుకుందాం," అన్నాను. "మనవేగా."

"గేటు దగ్గర వెతుకుతారు. చీటీ మీద షాపు పేరుంది."

"మన వస్తువు, మన చేతుల్లో ఉంది, ఇస్త్రీ కూడా మనమే చేశాం."

"చేశాం. సగం కూలికి." మడతపెట్టింది. "షాపుకెళ్ళి డబ్బు కట్టి తెచ్చుకోవాలి. తగ్గింపు ఉంటుందిలే."

రెంటినీ మూటలో పెట్టి కట్టేసింది. ముడి నేను బిగించాను.

మే 4

గేటు దగ్గర పొడుగు ఒక పొట్లం ఇచ్చింది. ఒక కర్టెన్.

"రెండు రెక్కలకి రెండు కొన్నాం. ఇప్పుడు చెరొకటి," అంది.

తాళంచెవి ఒకటి దానికిచ్చాను. తాళం నా దగ్గర, ఒక చెవి దాని దగ్గర. దేనికని అడగలేదు. జాకెట్‌లో వేసుకుంది.

"మానేస్తున్నావా అది?"

"ఇంత పెట్టాక ఎలా మానను? ఒక్కళ్ళే తక్కువ స్టార్‌కి." మడతల సెక్షన్‌లో కొత్తగా చేరిన పిల్ల గేటు దాటి వస్తోంది. పొడుగు అటు చూసింది. నేను అది అటు చూడటం చూశాను.

"ఆ ఒక్కళ్ళూ నువ్వు కావలసింది," అంది. తర్వాత గొంతు మార్చి, నవ్వుతూ, "చెల్లీ, ఒక్క నిమిషం," అని ఆ పిల్ల వెనకాల వెళ్ళింది. దానికి పెద్ద అంగలు. ఇట్టే అందుకుంది.

పిలవొచ్చు నేను. ఆ పిల్లనైనా పిలవొచ్చు. పిలిచి ఏమని చెప్పను, నేనెవరి కింద ఉన్నానని అడిగితే.

ఇంటికొచ్చి హాల్లో మేకులు కొట్టాను. చాప పరిచే మూలకి అడ్డంగా తాడు కట్టి కర్టెన్ వేలాడదీశాను. గోడంత లేదు, కానీ మనిషి కనపడదు. అక్క వచ్చి అంచు పట్టుకుని చూసి, "రంగు బాగుందే," అంది. మేకు ఊడకుండా ఇంకో దెబ్బ తనే వేసింది.

బావ వచ్చాడు. చెప్పులు విప్పుతూనే చూశాడు.

"మంచి గుడ్డ. ఎంతకొచ్చింది? తగ్గింపు ఎంత?"

నేను కర్టెన్ అడ్డంగా లాగేసుకున్నాను. అవతల నుంచి ఇంకా అడుగుతున్నాడు, పాయింటు ఎవరికి పడింది, తన లైనులో ఎందుకు పడలేదు అని.